ఆశ్రమవాసపర్వము: వార్ధకమున గృహసంకోచము

భారతమున ఆశ్రమవాసపర్వమునకు రావలసినంత ప్రచారము రాలేదు. విరాటోద్యోగపర్వములను, యుద్ధపర్వములను ఆసక్తితో బోధించు మనము ఈ పర్వమును చేరునప్పటికి అలసిపోవుచున్నాము. యుద్ధానంతరమున మిగిలిన వృద్ధపాత్రలను ఒక్కొక్కరినే రంగమునుండి తొలగించు ఉపసంహారముగ మాత్రమే ఇది విద్యార్థులకు తోచుచున్నది. తిక్కన రచించిన 15 పర్వములలో ఇది రెండాశ్వాసముల చిన్న పర్వము. పరిమాణమును బట్టి చూచినను దీనికి ప్రాధాన్యము తక్కువయని పాఠకుడు భ్రమపడుటకు అవకాశము కలదు. మా యభిప్రాయము వేరు. వృద్ధులైనవారు పెద్ద యిల్లు విడిచి చిన్న యింటికి చేరుట యను విషయమును ఇంత నిదానముగ, ఏ పక్షమును వహింపక పరిశీలించిన భాగము మన ప్రాచీనసాహిత్యమున మఱియొకటి మాకు కనబడలేదు.

ఈ పరిశీలనమునకు ప్రేరణము మాకు గ్రంథముల వలన కలుగలేదు. రెండు సంవత్సరముల క్రిందట మా తల్లిదండ్రులు పెద్దవూరలోని పూర్వుల యింటిని విడిచి మిర్యాలగూడలో రెండు గదుల యింటికి చేరిరి. ఆరు అర్రలు, నడుమ వాకిలి, వడ్లగుమ్మి, పశువుల కొట్టము గల యిల్లు అది. పశువులు పోయి చాలకాలమైనది. గుమ్మిలో ధాన్యము నిలిచి ఇరువది యేండ్లు దాటినది. వానకాలము వచ్చినపుడెల్ల పెంకులు సర్దువారు దొరకుట కష్టమగుచుండెను. కావున చిన్న యింటికి చేరుట మేలని అందఱము అంగీకరించితిమి. సామాను కట్టుచున్న దినమున మా తల్లిగారు ఇత్తడి గంగాళమును చూపి "ఇది ఎవరికియ్యాలె?" అని అడిగిరి. మా తండ్రిగారి ప్రశ్న వేరు: "ఆడ మనింటికి ఎవరన్న వస్తె యాడ కూసోవెట్టాలె?" వానప్రస్థధర్మమును తరగతులలో పలుమార్లు వివరించిన మాకు ఈ రెండు ప్రశ్నలకును సమాధానము తోచలేదు. కొన్ని దినముల పిమ్మట ఆశ్రమవాసపర్వమును మరల తెఱచి చూచితిమి. ఈ రెండు ప్రశ్నలును అందున్నవి.

వయస్సు మీఱినవారు తమ నివాసమును తెలిసి తెలిసి చిన్నది చేసికొనుటను ఈ వ్యాసమున గృహసంకోచమని వ్యవహరించుచున్నాము. కథాంశమునకు వ్యాసమూలమును ప్రధానముగ గ్రహించితిమి; కథాక్రమమున తిక్కన దానినే యనుసరించి సంగ్రహించెను. తెలుగు పర్వమును బోధించువారికి మూలముతో సరిచూచుకొనుట సులభమగుననియు ఇట్లు చేసితిమి.

పూర్వపక్షము

ధృతరాష్ట్రుని వనగమనమును వైరాగ్యముగ వివరించుట మనకు పరిపాటి. దీనికి ఆధారములు లేకపోలేదు. చర్మము ముడుతలు పడి, తల నెరసి, మనుమని ముఖము చూచిన గృహస్థుడు భార్యను కుమారులకు అప్పగించియో, వెంటగొనియో వనమునకు పోవలెనని మనుస్మృతి షష్ఠాధ్యాయము విధించుచున్నది. రఘువంశారంభమున కాళిదాసు వార్ధకమున మునివృత్తిని ఆ వంశమువారి యాచారముగ వర్ణించెను. ఈ రెంటిని చేర్చుకొని ధృతరాష్ట్రుడును ఆశ్రమధర్మమును పాటించెనని చెప్పి ముందుకు సాగుచున్నాము.

ఈ వివరణమునకు రెండు బాధకములు కలవు. మొదటిది కాలము. యుద్ధానంతరమున ధృతరాష్ట్రుడు పాండవుల యింట 15 సంవత్సరములు నివసించెను. మనుమలను చూచుటయు, తల నెరయుటయు అంతకు చాల ముందే జరిగినవి. విధిని బట్టి పోవువాడైనచో పట్టాభిషేకమునాడే పోవలసినది. పుత్రశోకముచే పోవువాడైనను అప్పుడే పోవలసినది. రెండవ బాధకము వనమునకు పోయిన పిమ్మటి స్థితి. పుత్రులు మరణించి పదునాఱు సంవత్సరములైనను ఈ రాజునకు శాంతి లేదనియు, రాత్రులు నిద్రలేదనియు గాంధారి వ్యాసునితో ఆశ్రమముననే చెప్పుచున్నది. వైరాగ్యముచే పోయినవానికి పర్ణశాలలో నిద్ర పట్టకుండుట యెట్లు? కావున కారణమును వేరొకచోట వెదకవలెను.

రాజగృహమున పర్ణశాల

ఆ 15 సంవత్సరములలో ధృతరాష్ట్రునకు లోపమేమి? వస్త్రములు, శయ్యలు, భోజనములు పూర్వమువలెనే జరుగుచున్నవి. ఆయనకు అప్రియము చేసినవాడు తనకు శత్రువని ధర్మరాజు తమ్ములకు ఆజ్ఞాపించెను. కుంతి గాంధారిని అత్తగారివలె సేవించుచున్నది. బయటివారు చూచిన ఇంతకంటె ఆదర్శమగు కుటుంబము లేదందురు. ఐనను ఆ యింటిలో ఒక్కడు మాఱలేదు. భీముడు మిత్రుల నడుమ భుజము చఱచుకొని, అంధరాజు కుమారులను చంపిన బాహువులు ఇవియేయని వృద్ధులకు వినబడునట్లు పలుకుచుండెను. ధర్మరాజునకు ఇది తెలియదు, కుంతికి తెలియదు. విన్నవారు వృద్ధులిద్దఱే.

కవి ఈ సంగతిని ఆరంభముననే ఉంచుట గమనింపదగినది. వృద్ధుని బాధ యింటి నిర్వాహకునకు తెలియకుండ జరుగుచున్నది. ధర్మరాజు మంచివాడు. అతని మంచితనము సత్యమే, దానికి మేర యున్నదనుటయు సత్యమే. మన యిండ్లలోను పెద్దలు తమకు కలిగిన యవమానమును కొడుకునకు చెప్పరు. చెప్పినచో అన్నదమ్ములు విడిపోదురని వారికి తెలియును.

ఇంతకంటె ముఖ్యమగు అంశము మఱొకటి. వనగమనమునకు అనుమతి కోరునప్పుడు ధృతరాష్ట్రుడు ఒక రహస్యమును వెల్లడించును. కొంతకాలముగ తాను దినములో నాల్గవకాలముననో, ఎనిమిదవకాలముననో అల్పముగ భుజించుచున్నాననియు, జపవ్యాజమున దర్భలపై నేలను శయనించుచున్నాననియు, ఇది గాంధారికి దక్క అన్యులకు తెలియదనియు చెప్పును. దీని యర్థమేమి? పెద్ద యింటిలోనే ఆయన తనకొక చిన్న యింటిని ఏర్పఱచుకొనెను. వందల మంది పరిచారకులు గల సౌధమున ఆయన వాడుకొన్న స్థలము ఒక దర్భశయ్యకు సరిపడినంతయే.

పెద్దవూర యింటిలో చివరి సంవత్సరములలో మా తల్లిదండ్రులు ఆరు అర్రలలో ఒకదానిని మాత్రమే వాడుచుండిరి. మిగిలినవానికి గొళ్ళెములు పడియుండెను. మేము పండుగకు పోయినపుడు అన్నియు తెఱచి ఊడ్చి యుంచెడివారు. అందుచే మాకు ఇల్లు పెద్దదిగనే కనబడుచుండెను. ధర్మరాజునకు కనబడిన సౌధమువంటిదే మాకు కనబడిన యిల్లు. గృహసంకోచము సామాను కట్టిన దినమున ఆరంభము కాదు. అది చాల ముందే, ఎవరికిని తెలియకుండ జరిగిపోవును. బండి వచ్చిన దినమున మనము చూచునది దాని వెల్లడి మాత్రమే.

అనుజ్ఞ

ధృతరాష్ట్రుడు చెప్పకుండ వెడలిపోవచ్చును. వెడలలేదు. అనుజ్ఞ యడిగెను. ఒకనాడు రాజ్యమంతయు తన యాజ్ఞలో నుంచుకొన్నవాడు తమ్ముని కొడుకును పోనిమ్మని యడుగుట సామాన్యము కాదు. ధర్మరాజు ఒప్పుకొనడు. తన యింట వృద్ధుడు పస్తుండుట తనకు తెలియకపోయెనని తన్ను తాను నిందించుకొనును. రాజ్యమును యుయుత్సునకైన, మఱెవ్వనికైన ఇచ్చివేసి తానే అడవికి పోయెదననును. ఈ మాటలలో ప్రేమ యెంత యున్నదో స్వార్థమును అంత యున్నదని మాకు తోచుచున్నది. వృద్ధుడు తన కోరికను చెప్పుచుండగా కుమారుడు తన యపకీర్తిని గూర్చి చెప్పుచున్నాడు. ఇద్దఱును సత్యమే పలుకుచున్నారు గాని ఒకరి మాటకు ఒకరి సమాధానము కుదురుటలేదు.

అంతలో ఉపవాసముచే కృశించిన ధృతరాష్ట్రుడు గాంధారిపై ఒఱగి మూర్ఛిల్లును. ధర్మరాజు చల్లని చేతితో ఆయన యొడలు నిమురును. ఆ స్పర్శచే తేఱుకొని మరల నిమురుమని వృద్ధుడు కోరును. అంధునకు స్పర్శయే చూపు. 15 సంవత్సరముల అన్నపానములు చేయలేని పనిని ఒక చేయి చేసినది. అయినను ఆయన తన నిశ్చయమును మార్చుకొనలేదు. ప్రేమ లభించినది కదా, ఇక ఉండిపోవచ్చునని కథ సుళువుగ ముగియవచ్చును. కవి ముగింపలేదు. పెద్దలు పోవుటకు ప్రేమ లేకపోవుట యొక్కటే కారణమని తలచువారికి ఇది సమాధానము.

పిమ్మట వ్యాసుడు వచ్చి ధర్మరాజును ఒప్పించును. ధృతరాష్ట్రుడు రాజనీతిని విస్తరముగ ఉపదేశించును. పౌరులను పిలిపించి తన తప్పులను మన్నింపుమని వేడుకొనును. పౌరుల పక్షమున ఒక బ్రాహ్మణుడు సమాధానము చెప్పును. రాజనీతిభాగమును ప్రక్షిప్తప్రాయముగ, అనవసరవిస్తరముగ భావించువారు కలరు. సందర్భమున నిలిపి చదివినచో అది అనవసరము కాదు. ధర్మరాజునకు ఆ నీతి తెలియనిది కాదు. భీష్ముని యొద్ద శాంతిపర్వమంతయు విన్నవాడు. చెప్పువానికి చెప్పవలసిన యవసరము కలదు. తాళపుచెవుల గుత్తి నిచ్చునప్పుడు ఏ తాళపుచెవి యే గదిదో కొడుకునకు తెలిసినను తల్లి మరల చెప్పును గదా.

పంపకము

ఇక గంగాళపు ప్రశ్నకు వత్తము. వెడలుటకు ముందు ధృతరాష్ట్రుడు విదురుని పంపి భీష్మద్రోణాదులకును, సోమదత్తబాహ్లికులకును, తన పుత్రులకును శ్రాద్ధము చేయుటకై ధనము కోరును. భీముడు అడ్డుపడును. భీష్మాదులకు శ్రాద్ధము మేమే చేయుదుము, దుర్యోధనాదులకు ఈయనక్కఱలేదనును. అర్జునుడు అన్నను వారించును. ఒకనాడు తాము ఎవనిని యాచించితిమో ఆతడు నేడు తమ్ము యాచించుచున్నాడనియు, కాలము తిరిగిన విధము చూడుమనియు చెప్పును. ధర్మరాజు భీముని కోపమును మనస్సున ఉంచుకొనవలదని విదురునితో చెప్పి, తన గృహమునుండి కావలసినంత గైకొమ్మని పలుకును. పదిదినములు దానములు జరుగును. నూఱు ఈయవలసినచోట వేయి ఇచ్చిరని మూలము.

యాచించి తెచ్చిన ధనమును దానము చేయుట విడ్డూరముగ కనబడవచ్చును. మా దృష్టిలో ఈ ఘట్టమే పర్వమునకు కీలకము. ఆయన కోరినది తన యవసరమునకు కాదు. పోవుటకు ముందు తన చేతితో ఇచ్చు అధికారమును ఒక్కసారి కోరెను. వస్తువులు ఎవరికి చేరినవనుటకంటె ఎవరి చేతిమీదుగ చేరినవను ప్రశ్న వృద్ధులకు పెద్దది. మేము చేసిన తప్పు ఇదియే. గంగాళమును గూర్చి మా తల్లిగారు అడిగినపుడు "ఎవరికో ఒకరికిద్దాంలే" యని పలికితిమి. మేము వస్తువును గూర్చి సమాధానము చెప్పితిమి. ఆమె అడిగినది ఇచ్చుటను గూర్చి.

ఈ విషయమున నేటి శాసనమును స్మరించుట అప్రస్తుతము కాదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమములకై 2007లో చేసిన కేంద్రశాసనము 23వ విభాగమున ఒక నియమమును చేర్చినది. తమ్ము చూచుకొనవలెనను షరతుతో పెద్దలు ఆస్తిని ఒసగగా, పొందినవాడు ఆ షరతును నెఱవేర్పనిచో ఆ బదలాయింపును రద్దు చేయవచ్చును. ఇల్లు చేయి మాఱిన పిమ్మట ఇచ్చినవాడు అతిథియగునను సత్యము శాసనకర్తల దృష్టికి వచ్చినదనుటకు ఇది నిదర్శనము. శాసనము ఆస్తిని తిరిగి యిప్పింపగలదు. భీముని మాటను వెనుకకు తీయింపలేదు. సాహిత్యము ప్రవేశించునది ఈ రెంటి నడుమనే.

కుంతి

ప్రయాణదినము కార్తికపూర్ణిమ. ముందు కుంతి, ఆమె భుజముపై చేయి వేసి కండ్లకు గంత గట్టుకొన్న గాంధారి, గాంధారి భుజముపై చేయి వేసి ధృతరాష్ట్రుడు. ఇట్లు పురమునుండి వెడలిరి. కుంతి కొంతదూరము సాగనంపి మఱలునని అందఱును తలచిరి. ఆమె మఱలలేదు. ధర్మరాజు బతిమాలెను. భీముడు, మా కింత యుద్ధము చేయించి ఇపుడు విడిచిపోవుటయేల యని యడిగెను. మీరు అవమానములలో క్రుంగిపోకుండుటకై ప్రోత్సహించితిని గాని, కొడుకులు గెలిచిన రాజ్యమును అనుభవించుటకు కాదని ఆమె యుత్తరము. సహదేవుని కనిపెట్టియుండుమనియు, కర్ణుని మఱువవలదనియు చెప్పి ముందుకు నడచెను.

ఈ యిద్దఱి నిష్క్రమణములను ప్రక్కప్రక్కన ఉంచుట కవి చేసిన గొప్ప పని. ధృతరాష్ట్రుని యెడల ఇల్లు కఠినమైనందున ఆయన విడిచెను. కుంతి యెడల ఇల్లు ఇంతకుముందెన్నడును లేనంత అనుకూలమైన కాలమున ఆమె విడిచెను. లక్కయిల్లు, ఏకచక్రపురమున పరుల యిల్లు, పుత్రుల వనవాసకాలమున విదురుని యిల్లు. జీవితమంతయు ఇతరుల కప్పుక్రింద గడపిన స్త్రీకి తుదకు కుమారుల రాజసౌధము లభించినది. దానినే ఆమె వదలుకొనెను. వైరాగ్యమను పదమును ఈ పర్వమున ఎవరికైన వాడవలసియున్నచో కుంతికి వాడవలెను. అయినను ఆమె నోట ఆ పదమునకు తగిన ఉపన్యాసము లేదు. ఆమె చెప్పినది ఒక పనిని గూర్చి: ఈ వృద్ధులను కనిపెట్టియుండవలెను. ఆ రాత్రి భాగీరథీతీరమున విదురసంజయులు కుశశయ్యలు పఱచిరి. కుంతి గాంధారి ప్రక్కన శయనించెను. చిన్న యింటిలో మొదటి రాత్రి ఒంటరిగ గడుపకుండుట యెంత పెద్ద విషయమో కవికి తెలియును.

కలశములు

వారు కురుక్షేత్రమున శతయూపుని ఆశ్రమమును చేరిరి. ఆతడు పూర్వము కేకయరాజు. కొడుకునకు రాజ్యమప్పగించి వచ్చినవాడు. క్రొత్తగ వచ్చినవారికి అంతకుముందే అట్లు వచ్చిన యొకడు దారి చూపుట స్వాభావికముగ నున్నది.

కొంతకాలమునకు పాండవులు తల్లిని చూడవలెనని బయలుదేఱుదురు. అంతఃపురస్త్రీలు, పౌరులు, సేన వెంట వత్తురు. ఇదియే మా తండ్రిగారి ప్రశ్న: చిన్న యింటికి ఇందఱు వచ్చినచో ఎక్కడ కూర్చుందురు? పాండవులు చేరునప్పటికి ఆశ్రమమున వృద్ధులు లేరు. స్నానమునకు, పూలకు, నీటికి యమునకు పోయిరని తాపసులు చెప్పుదురు. పాండవులు ఆ త్రోవనే పోయి ఎదురగుదురు. సహదేవుడు పరుగెత్తి కుంతి పాదములపై బడి ఏడ్చును. పిమ్మట కుమారులు వారి నీటికలశములను తామందుకొందురు.

ఈ కలశముల నందుకొనుట పర్వము మొత్తమున మాకు మిక్కిలి ప్రియమగు చిన్న ఘట్టము. పదునైదేండ్లు సౌధమున సేవ జరిగినది. ఆ సేవ పరిచారకుల చేతులమీదుగ జరిగినది. ఇక్కడ రాజు తన చేతితో బిందె నెత్తుకొనెను. స్థలము చిన్నదైనందున నడుమనున్నవారు తొలగిపోయిరి. నాటి రాత్రి అందఱును ఆశ్రమపరిసరమున నేలపై, నక్షత్రముల క్రింద శయనించిరి. ఎక్కడ కూర్చుందురను ప్రశ్నకు కవి సమాధానమిదియే: వచ్చినవారు ఉన్నచోటనే కూర్చుందురు, కూర్చుండనొల్లనివారు రారు.

ఐనను కవి ఈ సంతోషమును అతిశయింపజేయలేదు. నెలకు మించి వారక్కడనుండిరి. అప్పుడు ధృతరాష్ట్రుడే వారిని పొమ్మనును. మిమ్ము చూచుచుండగా నా తపస్సు సాగదనును. కుంతియు అట్లే పంపివేయును. చిన్న యింటికి తనదైన దినచర్య యొకటి యేర్పడినది. దానికి రాకపోకలు ఎంత అవసరమో ముగింపును అంత యవసరము. రెండేండ్లు గడచిన పిమ్మట నారదుడు వచ్చి వారు దావాగ్నిలో దగ్ధులైరని చెప్పును. ధర్మరాజు విలపించును. ఆ యగ్ని ధృతరాష్ట్రుని హోమాగ్నియేనని నారదుడు ఊరడించును. ఆ యూరట యెంతవఱకు చాలునో పాఠకుడే తేల్చుకొనవలెను. వృద్ధులు పోయినందున సుఖపడిరని గాని, పోయి తప్పు చేసిరని గాని కవి చెప్పలేదు.

రఘువు, అప్పదాసు

పోలికకై రెండు గాథలను గ్రహింతము. రఘువంశ అష్టమసర్గమున రఘువు అజునకు రాజ్యమిచ్చి వనమునకు పోదలచును. అజుడు పాదములపై బడి విడిచిపోవలదని వేడుకొనును. రఘువు ఆ ప్రార్థనను మన్నించును. విడిచిన సంపదను మాత్రము, పాము కుబుసమునువలె, మరల గ్రహింపడు. నగరమునకు వెలుపల ఒక నివాసమున ఉండును. కొడుకు ననుభవించు రాజ్యలక్ష్మి కోడలివలె ఆయనను సేవించెనని కాళిదాసు భావన. ఇది అందమగు సంధి: దూరము పోలేదు, ఒకే యింటను లేరు. నేడు పలువురు కోరుకొను స్థితి ఇదియే. కాని కాళిదాసు కథలో భీముడు లేడు. కోపము లేని యింటిలో సంధి సులభము. భారతకవి కష్టమగు సందర్భమును ఎన్నుకొనెను.

రెండవది మన కాలపుది. శ్రీరమణ 'మిథునం' కథలో అప్పదాసు, బుచ్చిలక్ష్మి దంపతులు పెరడు, చెట్లు గల తమ యింటనే వార్ధకమును గడపుదురు. 2012లో చలనచిత్రముగ వచ్చిన పిమ్మట ఈ కథ చదువరులు కానివారికిని పరిచితమైనది. ఇల్లు విడువకుండుటలోని సొగసును ఈ కథ చూపినంతగ మఱొకటి చూపలేదనుట అతిశయోక్తి కాదు. అయినను అది ప్రధానముగ దాంపత్యమును గూర్చిన కథ. ఇద్దఱున్నంతవఱకు పెరడు పెద్దదైనను బరువు కాదు. ఒక్కరు మిగిలినపుడు ఇంటి కొలత మాఱిపోవును. విద్యార్థులకు మిథునమును బోధించువారు ఆశ్రమవాసపర్వమును దాని ప్రక్కన నిలిపినచో రెండును ప్రకాశించును.

మునిగిన యిండ్లు

మా ప్రాంతమునకు ఈ విషయముతో మఱొక సంబంధము కలదు. పెద్దవూరకు సమీపమున నందికొండయొద్ద కృష్ణపై నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచెను. నీటిక్రింద పోవు నాగార్జునకొండ లోయలో 1954 నుండి 1960 వఱకు త్రవ్వకములు జరిగినవి. ఇక్ష్వాకుల కాలమున, అనగా క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దులలో, ఆ లోయలో శాంతిశ్రీవంటి రాజకులస్త్రీలు చైత్యములకు దానములు చేసిరి. అక్కడి విహారములలో స్తంభమండపము చుట్టును భిక్షువులకు చిన్నచిన్న గదులు కలవు. కోరి ఎన్నుకొన్న ఇఱుకు గదులవి. పదునేడు వందల యేండ్ల పిమ్మట ఆ లోయవారే, కోరకుండ, ఇండ్లు విడువవలసివచ్చినది.

కొన్ని ప్రాచీనకట్టడములను కొండపైకి, అనుపునకు తరలించి పునర్నిర్మించిరి. ఇది శ్లాఘ్యమగు కార్యము. ముంపునకు గుఱియైన గ్రామములలోని వృద్ధులకు తరలింపు వేరొక తీరున జరిగినది. మా బాల్యమున అట్టివారి నోట విన్నది ఒక్కటే మాట; నీటివైపు చేయి చాచి "మా యిల్లు గాడుండె" యనెడివారు. క్రొత్త యింటిని "మా యిల్లు" అనుట మేము వినలేదు. వారికి ఆహారలోపమున్నదని మేము చెప్పుటలేదు. ఎడమకాలువ నీరు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలములను మాగాణిగ మార్చినది. ఆ ఫలమును మేమును అనుభవించితిమి. ఇచట చెప్పదలచినది వేరు. ధృతరాష్ట్రునకు లభించినవి మూడు: తానే నిశ్చయించుకొనుట, తన చేతితో ఇచ్చుట, తోడు. ముంపువారికి మొదటిది లేదు. మొదటిది లేనపుడు రెండవదానికి అర్థము మిగులదు. ఇచ్చుటకును తీసికొనబడుటకును భేదము కలదు. కావుననే వారిది గృహసంకోచము కాదు, గృహనష్టము. రెంటిని ఒకే మాటతో పిలుచుట విమర్శకునకు తగదు.

ఈ భేదము పట్టణములకు తరలివచ్చుచున్న నేటి తల్లిదండ్రులకును వర్తించును. నీరు వచ్చి ముంచనక్కఱలేదు. కొడుకులు, కూతుండ్రు సదుద్దేశముతోనే తేదీ నిర్ణయించి, బండి మాటలాడి, ఏది తేవలెనో ఏది వదలవలెనో తామే తేల్చినచో పెద్దలకు మిగులునది నీటివైపు చేయి చాచుటయే.

ఉపసంహారము

ఇంతవఱకు జరిగిన చర్చను సంగ్రహింతము. ఆశ్రమవాసపర్వమును వైరాగ్యకథగ మాత్రమే చదువుట చాలదు. వృద్ధుడు పెద్ద యింటిలోనే ముందుగ కుంచించుకొనిపోవుట, అనుజ్ఞ యడుగుట, తన చేతితో పంచుట, తోడుతో వెడలుట, బంధువులను ఆదరించి సమయమునకు పంపివేయుట అను అంశములు అందు వరుసగ పరిశీలింపబడినవి. ఇల్లు చిన్నదైనందున శోకము చిన్నది కాలేదని గాంధారి మాట సాక్ష్యమిచ్చుచున్నది. చిన్న యిల్లు శోకమునకు మందు అని కవి యెచ్చటను చెప్పలేదు. ఆ యింటికి చేరు తీరున మాత్రము గౌరవమో, అగౌరవమో నిర్ణయమగునని చూపెను. ఆ తీరు చాలవఱకు ఇంటిలో నిలిచిపోవువారి చేతిలో నుండును. కావున ఈ పర్వము వృద్ధులకంటె ధర్మరాజువంటివారు చదువవలసినదని మా విన్నపము.

ఆధునికాంధ్రకథలలో, నవలలలో ఇల్లు విడుచు ఘట్టములను సేకరించి ఈ దృష్టితో పరిశీలించినచో పరిశోధకవిద్యార్థులకు ఒక సిద్ధాంతవ్యాసమునకు చాలినంత సామగ్రి లభింపగలదు. ఎవరు నిశ్చయించిరి, ఎవరు పంచిరి, ఎవరు తోడు వెళ్ళిరి అను మూడు ప్రశ్నలతో ఆరంభించుట మేలు.

పర్వమును మరల చదివిన పిమ్మట మేము పెద్దవూరకు పోయి, బంధువుల యింట దాచిన గంగాళమును తెచ్చి మా తల్లిగారి ముందుంచితిమి. ఎవరికియ్యవలెనో మీరే చెప్పుడంటిమి. ఆమె కొంతసేపు ఆలోచించి, పొరుగున ఆడపిల్ల పెండ్లి కానున్న యింటికి తానే పోయి ఇచ్చివచ్చిరి. మా తండ్రిగారు మిర్యాలగూడ యింటి గడపకు వెలుపల ఒక నులకమంచము వేయించుకొనిరి. వచ్చినవారు దానిపై కూర్చుండుచున్నారు. మేము పోయినపుడు మాకును స్థానము అక్కడనే. విజ్ఞులు ఈ విషయమును ఇంకను విచారింతురుగాక.